గురుడు మసక ముద్దలా కనిపిస్తున్నాడు, టెలిస్కోపు అమ్మేయాలా?

గోదావరి_గట్టు | జనవరి 6, రాత్రి 11:20

నమస్కారమండి. మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. దసరా సెలవుల్లో టెలిస్కోపు కావాలని అడిగింది. మూడు నెలలు కొంచెం కొంచెం దాచి, పోయిన నెల ఒకటి తెప్పించాను. అద్దం 114 మి.మీ., నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1000 మి.మీ. పెట్టె మీద 750 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని రాసి ఉంది. కన్ను ఆనించి చూసే 25, 10, 4 మి.మీ. ఐపీస్‌లు మూడు, ఆ పెంపును మూడింతలు చేసే బార్లో కటకం ఒకటి ఇచ్చారు.

చంద్రుణ్ణి చూసినప్పుడు ఇంటిల్లిపాదీ డాబా మీదికి వచ్చేశారు. గుంటలు, వాటి అంచుల నీడలు చూసి మా అమ్మ చాలాసేపు కన్ను తీయలేదు. కష్టమంతా ఆ తరువాతే మొదలైంది. గురుడు ఒక మసక ముద్ద, చుట్టూ వెలుగు రేకలు. చారలు లేవు. శని అయితే చిన్న బంతికి సూది గుచ్చినట్టు ఉన్నాడు. ‘నాన్నా, పుస్తకంలో బొమ్మలా లేదు’ అంది పాప. రెండు రోజులుగా డాబా మీదికి రమ్మన్నా రావడం లేదు.

అమ్మిన దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకునేది లేదన్నారు. లోపం టెలిస్కోపులో ఉందా, నా చేతిలో ఉందా? అమ్మేసి వేరేది కొనాలా? పెద్దలు చెప్పండి.

అద్దాల_తాత | జనవరి 7, ఉదయం 6:05

బాబూ, అమ్మడం గురించి తరువాత చూద్దాం. ముందు వీటికి జవాబు చెప్పు. గొట్టం పొడవు ఎంత? టేపు పెట్టి కొలువు. గురుణ్ణి ఏ ఐపీస్‌తో చూశావు? ఎన్ని గంటలకు చూశావు? కింద సిమెంటు డాబానా, మట్టి నేలా? లోపలి నుంచి తెచ్చిన ఎంతసేపటికి చూశావు?

ఆరో_అంతస్తు | జనవరి 7, ఉదయం 9:40

శని విషయంలో మీ టెలిస్కోపు తప్పేమీ లేదండి. 2025 మార్చిలో శని వలయాలు మనకు సరిగ్గా అంచు వైపు తిరిగాయి. సుమారు పదిహేనేళ్ళకు ఒకసారి అలా జరుగుతుంది. పళ్ళెం అంచును కంటికి ఎదురుగా పెట్టుకుంటే గీతలాగే కనిపిస్తుంది కదా, అదే ఇది. ఇప్పుడిప్పుడే మళ్ళీ విచ్చుకుంటున్నాయి. 2032 నాటికి బాగా తెరుచుకుంటాయి. మీ అమ్మాయి చూసిన సూదే వలయం. ఆ వయసులో వలయాలను అంచు మీద చూసినవాళ్ళు తక్కువ. తేదీ వేసి ఇప్పుడే బొమ్మ గీయించండి. ఏడాదికి ఒకటి గీస్తూ పోతే ఆ సూది పళ్ళెంగా మారడం తన చేత్తోనే నమోదవుతుంది.

నేను హైదరాబాదులో ఆరో అంతస్తులో ఉంటాను. మా భవనంలో డాబాకు తాళం వేసి ఉంచుతారు. బాల్కనీలో తూర్పు వైపున్న ఆకాశం ముక్కే నా వాటా. 10×50 బైనాక్యులర్లతో ఏడేళ్ళుగా ఆ ముక్కనే చూస్తున్నాను, ఇంకా తరగలేదు.

గోదావరి_గట్టు | జనవరి 7, రాత్రి 8:15

తాతగారూ, కొలిచాను. గొట్టం 48 సెం.మీ. ఉంది. గురుణ్ణి ముందు 10తో చూసి, చాలడం లేదని 4కు బార్లో తగిలించాను. అప్పుడు ఇంకా పాడైంది. చూసింది రాత్రి ఏడున్నరకు, భోజనాలకు ముందు. సిమెంటు డాబాయే. ముందు గదిలో బీరువా పక్కనుంచి తెచ్చి వెంటనే పెట్టాను.

ఆరో అంతస్తు గారూ, శని సంగతి చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు. పాపకు చదివి వినిపించాను. బొమ్మల పుస్తకం తీసింది.

అద్దాల_తాత | జనవరి 7, రాత్రి 10:30

గొట్టం పొడవు వినగానే సగం తెలిసింది. నాభ్యంతరం 1000 మి.మీ. అని చెప్పి గొట్టం అందులో సగం కూడా లేదంటే, ఫోకస్ గొట్టం అడుగున లోపల ఒక కటకం బిగించి ఉందన్నమాట. దీనిని బర్డ్-జోన్స్ పద్ధతి అంటారు. లోపలి అద్దం పరవలయాకారంలో కాక గోళాకారంలో ఉంటుంది. గోళాకారపు అద్దం అరగదీయడం తేలిక, ఖర్చు తక్కువ. కానీ దాని అంచు మీద పడిన కాంతి, మధ్యన పడిన కాంతి ఒకేచోట కలవవు. ఆ దోషాన్ని దిద్దడానికే ఆ కటకం. చవక టెలిస్కోపుల్లో ఆ దిద్దుబాటు అరకొరగా ఉంటుంది, అద్దాలు ఏమాత్రం పక్కకు జరిగినా బొమ్మ చెడిపోతుంది. కొనేముందు అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. కొన్న తరువాత మాత్రం అమ్మమని చెప్పను. దీనితో చూడగలిగింది చాలా ఉంది, ఎలా చూడాలో చెబుతాను.

750 రెట్లు అన్నది పెట్టె మీది అంకె మాత్రమే. అద్దం వ్యాసం ఎన్ని మి.మీ. ఉంటే దానికి రెండింతలకు మించి పెంచితే ఎంత మంచి టెలిస్కోపైనా కొత్తగా చూపించేది ఏమీ ఉండదు. నీది 114 కాబట్టి సిద్ధాంతం ప్రకారం 228 రెట్లు, ఈ రకానికి ఆచరణలో 100 చాలు. ఆ 4 మి.మీ. ఐపీస్‌నూ బార్లోనూ పెట్టెలో పెట్టి అటక మీద ఉంచు. నీకు 25 ఉంది, నాభ్యంతరం 1000ని దానితో భాగిస్తే 40 రెట్లు. 10 ఉంది, అంటే 100 రెట్లు. ఈ రెండూ చాలు.

40 రెట్లు తక్కువ అనుకోకు. ఈ నెల 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వస్తాడు. మనకు 63 కోట్ల కిలోమీటర్ల దూరంలో, ఈ ఏడాదికి దగ్గరగా ఉంటాడు. అప్పుడు 40 రెట్లు పెంచి చూస్తే, ఉత్త కంటికి నిండు చంద్రుడు ఎంత ఉంటాడో గురుడు అంత ఉంటాడు. చుట్టూ కొలవడానికి ఏమీ లేక కన్ను దాన్ని చిన్నదనుకుంటుంది. పది నిమిషాలు కన్ను ఆనించి ఉంచు, బంతి నెమ్మదిగా పెరిగినట్టు ఉంటుంది.

ఇక వేళ. ఏడున్నరకు గురుడు తూర్పున బాగా కింద ఉంటాడు. అంత వాలుగా చూస్తే ఎంతో మందమైన గాలి గుండా చూస్తున్నట్టు. దానికితోడు పగలంతా ఎండ తాగిన సిమెంటు డాబా అర్ధరాత్రి దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. పొయ్యి మీద పెనం పైన గాలి ఎలా వణుకుతుందో చూశావుగా, నీ టెలిస్కోపు మూతి ముందు అదే వణుకు ఉంటుంది. గదిలోంచి వెచ్చగా తెచ్చిన అద్దం పైనా అదే. చూడబోయే ముందు ముప్పావు గంట బయట పెట్టి ఉంచు. పదకొండు దాటాక, గురుడు నడినెత్తికి వచ్చాక చూడు. పెరట్లో మట్టి నేలో గడ్డో ఉంటే డాబా మానేసి అక్కడికి దిగు.

ఛాయా_చుక్క | జనవరి 8, ఉదయం 7:50

నా అభిప్రాయం వేరు. ఇప్పుడు కెమెరా లోపలే ఉన్న చిన్న టెలిస్కోపులు వస్తున్నాయి. వాటికి ఐపీస్ ఉండదు. ఫోనులో పేరు నొక్కితే అదే వెతుక్కుని, పది సెకన్ల ఫొటోలు వరసగా తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి, నీహారికలను రంగుల్లో చూపిస్తుంది. ఊరి వెలుగులోనూ పనిచేస్తుంది. పిల్లలకు ఇంత కష్టపడి ఈ పాత పద్ధతి ఎందుకు? దీన్ని అమ్మి, ఇంకొంత కలిపి అది కొనండి.

బడి_పంతులు | జనవరి 8, మధ్యాహ్నం 1:10

అనంతపురం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. పన్నెండేళ్ళుగా పిల్లలకు ఆకాశం చూపిస్తున్నాను. ఛాయాచుక్క గారు చెప్పిన యంత్రం మంచిదే, మా పక్క మండలంలో ఒక మిత్రుడి దగ్గర చూశాను. కానీ ఒక రాత్రి రెండూ పక్కపక్కన పెట్టాం. పిల్లలు ఫోను తెరమీద రంగుల నీహారిక చూసి ‘బాగుంది సార్’ అని వెళ్ళారు. మామూలు గొట్టంలో చంద్రుణ్ణి చూసినవాళ్ళు మాత్రం వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డారు. ఆ కాంతి నేరుగా తన కంట్లోకి వచ్చిందని పిల్లవాడికి తెలిసిపోతుంది. గురుడి నుంచి బయలుదేరిన వెలుగు 35 నిమిషాలు ప్రయాణం చేసి నీ కంట్లో ఆగిందని చెబితే కన్ను రుద్దుకుంటారు. అందుకే పదకొండేళ్ళ పాపకు ముందు కన్నే, తరువాతే కెమెరా అంటాను.

గోదావరి గట్టు గారూ, ఇంతకన్నా ముఖ్యమైన మాట. మీ పెట్టెలో ఐపీస్‌కు బిగించే నల్లటి చిన్న గాజు బిళ్ళ, దాని మీద సూర్యుడు అని రాసి ఉన్నది ఏమైనా ఉందా? ఉంటే ఈ రోజే సుత్తితో పగలగొట్టి పారేయండి. అద్దం పోగుచేసిన ఎండంతా ఆ బిళ్ళ మీద పడి, అది వేడికి పగులుతుంది. పగిలిన క్షణంలో కన్ను అక్కడే ఉంటుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు మూతి మొత్తాన్ని కప్పే సౌర ఫిల్టరు ఒక్కటే దారి. అది కూడా చూసే ముందు ప్రతిసారీ వెలుగుకు పట్టి చిల్లులు లేవని సరిచూడాలి. పగటిపూట పిల్లలను టెలిస్కోపుతో ఒంటరిగా వదలకండి. గురి చూసుకునే చిన్న గొట్టం, అదే ఫైండర్‌కు కూడా మూత వేసి ఉంచండి.

గోదావరి_గట్టు | జనవరి 8, రాత్రి 9:00

పంతులు గారూ, ఆ బిళ్ళ ఉంది. చదవగానే లేచి వెళ్ళి పగలగొట్టాను. చేతులు వణికాయి. పోయిన ఆదివారం సూర్యుణ్ణి చూద్దామని పాప అడిగితే మబ్బు పట్టిందని ఊరుకున్నాం.

తాతగారూ, అద్దాలు పక్కకు జరిగితే బొమ్మ చెడుతుందన్నారు. జరిగాయో లేదో ఎలా తెలుస్తుంది? లేజరు పరికరం కొనమని ఒకరు చెప్పారు.

అద్దాల_తాత | జనవరి 8, రాత్రి 10:10

లేజరు వద్దు. లోపలి కటకం దాని కిరణాన్ని వంచుతుంది, తప్పు చూపిస్తుంది. నీకు కావలసింది ఒక వెలుగు చుక్క. ధ్రువ నక్షత్రం కదలదు కాబట్టి దాన్ని చూడమంటారు, కానీ మన అక్షాంశంలో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పొగమంచులో ఉడుకుతూ ఉంటుంది. పగలే చేసుకో. మీ డాబా మీంచి దూరాన కరెంటు టవరు ఏదైనా కనిపిస్తుందా? సూర్యుడు నీ వీపు వెనక ఉన్న వేళ, ఆ టవరు పింగాణీ గిన్నెల మీద ఎండ సూదిమొనలా మెరుస్తుంది. అదే నీ చుక్క. గొట్టం సూర్యుడి వైపు మాత్రం తిరగకూడదు.

దాన్ని 25లో మధ్యకు తెచ్చి, 10 పెట్టి, ఫోకస్ కొద్దిగా తప్పించు. చుక్క ఉబ్బి ఉంగరమవుతుంది. మధ్యలో నల్లటి గుండ్రం ఉంటుంది, అది చిన్న అద్దం నీడ. ఆ నల్లటి గుండ్రం ఉంగరానికి సరిగ్గా నడుమ ఉంటే అద్దాలు బాగున్నట్టు. ఒక పక్కకు ఒరిగి ఉంటే గొట్టం వెనక పెద్ద అద్దానికి ఉన్న మూడు సర్దుబాటు మరలను తిప్పాలి. బిగింపు మరలు వేరే ఉంటాయి, ముందు వాటిని వదులు చెయ్యి. ఒక్కో మరను పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకు. తిప్పిన ప్రతిసారీ చుక్క పక్కకు పోతుంది, మళ్ళీ మధ్యకు తెచ్చుకుని చూడు. ఒకరు మర తిప్పాలి, ఒకరు కన్ను పెట్టాలి. కన్ను అమ్మాయిది పెట్టు.

ఫైండర్ కూడా అప్పుడే సరిచేసుకో. దూరాన గుడి గోపురం కలశాన్ని టెలిస్కోపులో మధ్యకు తెచ్చి, ఫైండర్ గీతల కూడలిలోకీ అదే కలశం వచ్చేలా మరలు తిప్పు. రాత్రి పడే వెతుకులాట ముప్పాతిక వంతు తగ్గుతుంది.

విశాఖ_తీరం | జనవరి 9, ఉదయం 8:30

గోదావరి జిల్లాలవారికి మా తీరం అనుభవం ఒకటి చెప్పాలి. నా మొదటి టెలిస్కోపు అద్దం రెండు వానాకాలాల్లోనే బూజు పట్టింది. సాలెగూడులాంటి తెల్లటి తీగలు అద్దం పూతలోకి దిగిపోయాయి. ఏం చేసినా పోలేదు. మంచులో తడిసిన గొట్టానికి మూతలు బిగించి లోపల పెట్టడమే నేను చేసిన తప్పు. తడి లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు చూడటం అయ్యాక మూతలు తీసి గదిలో గంటసేపు ఆరనిస్తాను. ఐపీస్‌లు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్ళీ వాడతాను. అద్దం మీద దుమ్ము పడితే పడనివ్వండి. గుడ్డ పెట్టి తుడిచారా, ఆ గీతలు ఎప్పటికీ పోవు.

మన తీరానికి ఇది కొత్త ముచ్చట కాదు. విశాఖ డాబాగార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు గారు 1840ల్లోనే సొంత వేధశాల పెట్టుకున్నారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ మేడ ఎక్కడ ఉండేదో అనుకుంటాను.

గోదావరి_గట్టు | జనవరి 13, ఉదయం 5:45

నిద్ర పట్టక రాస్తున్నాను.

ఆదివారం పగలు అద్దాలు సరిచేశాం. టవరు పింగాణీ మీద మెరుపు దొరకడానికి అరగంట పట్టింది. ఉంగరంలో నల్ల గుండ్రం ఒక అంచుకు అతుక్కుని, కొడవలిలా ఉంది. పాప కన్ను పెట్టి ‘ఇంకొంచెం, ఇంకొంచెం, ఎక్కువైంది నాన్నా’ అంటూ ఉంది. చివరికి ‘ఆగు’ అంది. నేను చూస్తే గుండ్రం సరిగ్గా నడుమ ఉంది. గుడి కలశం తలకిందులుగా కనిపించిందని నాయనమ్మను పిలిచి చూపించింది.

నిన్న రాత్రి పది గంటలకు టెలిస్కోపును పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య ఖాళీలో పెట్టాం. పదకొండున్నరకు 40 రెట్లలో చూశాను. గుండ్రంగా, అంచు తెగినట్టు స్పష్టంగా ఉన్నాడు గురుడు! ఒకే గీత మీద మూడు చంద్రులు. పాపకు ఇచ్చాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా ‘రెండు గీతలు ఉన్నాయి, పైది సన్నగా ఉంది’ అంది. నేను అడగలేదు, తనే చెప్పింది. 100 రెట్లు పెట్టాం. గాలి నిలిచిన క్షణాల్లో ఆ రెండు చారలూ నాకూ కనిపించాయి. గాలి కదిలితే కరిగిపోయేవి, మళ్ళీ వచ్చేవి.

తరువాత మృగశిర కింది నీహారిక చూశాం. బూడిద రంగులో, రెక్కలు చాపిన పక్షిలా ఉంది. మధ్యలో నాలుగు చుక్కలు. రంగు ఎందుకు లేదని అడిగింది పాప.

బడి_పంతులు | జనవరి 13, ఉదయం 8:20

మీ ఉత్తరం సంక్రాంతి సెలవులయ్యాక మా తొమ్మిదో తరగతికి చదివి వినిపిస్తాను.

రంగు సంగతి ఇలా చెప్పండి. మసక వెలుగులో పనిచేసే కణాలకు రంగు తెలియదు. రాత్రి పెరట్లో మందారం కూడా బూడిద రంగులోనే ఉంటుంది కదా. ఆ కణాలు కంటి నడుమ కాక చుట్టూ ఎక్కువ. అందుకే నీహారికను తిన్నగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట కావాలి. ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ అరగంటా పోయినట్టే. టార్చికి ఎర్రటి గాజు కాగితం కట్టుకోండి. ఆ నాలుగు చుక్కలు ఈ మధ్యే పుట్టిన నక్షత్రాలు. వాటి వెలుగుతోనే ఆ మబ్బంతా వెలుగుతోంది. ఆ వెలుగు మన దాకా రావడానికి సుమారు 1,340 ఏళ్ళు పట్టింది.

పల్నాటి_చీకటి | జనవరి 13, రాత్రి 9:50

అన్నగారూ, ఇంతవరకు మీరు చూసింది ఉత్తర దేశాలవాళ్ళకూ కనిపించే ఆకాశమే. మనకు మాత్రమే దక్కిన వాటా ఒకటి ఉంది. పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు ఐరోపా, అమెరికా వాళ్ళవి కావడంతో మనవాళ్ళు దాని సంగతే ఎత్తరు. మనం భూమధ్యరేఖకు దగ్గర. దక్షిణాకాశం ఎంతో లోతు వరకు మనకు తెరిచి ఉంటుంది.

మాది మాచర్ల దగ్గర పల్లె. ఒకప్పుడు రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలం వెళ్ళేవాణ్ణి. మడి తడిసేదాకా చేసే పని ఏముంటుంది, గట్టు మీద పడుకుని పైకి చూడటమే. పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క, ఇవి మా నాన్న చెప్పిన పేర్లు. తక్కినవి నేను పటాలు చూసి నేర్చుకున్నాను.

ఈ నెల 18 చొల్లంగి అమావాస్య. తెల్లవారుజామున నాలుగూ నలభైకి లేవండి. ఉత్తరం వైపు సప్తర్షులు ఎత్తున, బోర్లించినట్టు ఉంటారు. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని అరుంధతి. అక్కడి నుంచి చూపును నడినెత్తి మీదుగా దక్షిణానికి దించండి. మొదట తగిలే తెల్లటి కాంతిగల నక్షత్రం చిత్త. చిత్త కార్తె చిత్తే. అదే దారిన ఇంకా దించుతూ పోండి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు. చిత్త కింద మూడున్నర పిడికిళ్ళు కొలవండి. అక్కడ మసక చుక్క ఒకటి ఉంటుంది. నక్షత్రంలా సూదిగా ఉండదు, దూదిపింజలా ఉంటుంది. వశిష్ఠుడు, చిత్త, ఈ దూదిపింజ, మూడూ ఇంచుమించు ఒకే ఉత్తర దక్షిణ గీత మీద ఉన్నాయి. ఒకే వేళకు మూడూ ఆకాశపు నడి గీతను దాటుతాయి. ఏ పటంలోనూ ఎవరూ చెప్పలేదు, పదేళ్ళ కింద గట్టు మీద పడుకుని ఉండగా నాకే తట్టింది. తరువాత లెక్కలు చూస్తే సరిగ్గా సరిపోయింది.

ఆ దూదిపింజ పేరు ఒమేగా సెంటారి. కోటి నక్షత్రాల గుంపు. దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. రాజమహేంద్రవరంలో దిక్చక్రం నుంచి పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది, కొబ్బరిచెట్లు అడ్డం రావు. కొంచెం పడమరగా, ఇంకా కిందికి చూస్తే త్రిశంకు శిలువలా నిలబడి ఉంటుంది. 25 మి.మీ. ఐపీస్ చాలు.

టెక్సాస్_తెలుగు | జనవరి 14, ఉదయం 7:30

పల్నాటి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను డల్లాస్‌లో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. అయినా ఒమేగా సెంటారి నాకు పది డిగ్రీల లోపే, పొరుగింటి కంచె మీద దుమ్ములో. అగస్త్య నక్షత్రం నాలుగైదు డిగ్రీలు లేచి మళ్ళీ కుంగిపోతుంది. అదే అగస్త్యుడు మీకు ఇప్పుడు రాత్రి పదిన్నరకు దక్షిణాన ఇరవై డిగ్రీల ఎత్తులో వెలుగుతూ ఉంటాడు. త్రిశంకు నాకు లేనే లేదు. క్రితంసారి మా ఊరు గుడివాడ వచ్చినప్పుడు, విమానం దిగిన మూడో రోజు, నిద్ర పట్టని తెల్లవారుజామున మేడ మీద త్రిశంకును చూశాను. చిన్నప్పుడు అదే మేడ మీద ఎన్నో వేసవులు పడుకున్నాను, అది అక్కడ ఉందని ఎవరూ చెప్పలేదు.

అద్దాల_తాత | జనవరి 14, రాత్రి 9:15

పండగ మూడు రోజులూ ఆకాశం జోలికి పోకు బాబూ. భోగి మంటల పొగ కిందికి దిగి ఉంటుంది. అమావాస్య నాటికి తేరుకుంటుంది.

పల్నాటి అబ్బాయి రాసింది చదివితే నాకు జపాల్–రంగాపూర్ వేధశాల గుర్తుకొచ్చింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం. నాకు ఇరవై ఏళ్ళు. హైదరాబాదులో అందరూ తలుపులు వేసుకుని ఇళ్ళలో కూర్చుంటే నేనూ ఇద్దరు స్నేహితులూ బస్సెక్కి, దిగి, చాలా దూరం నడిచి ఆ వేధశాల దగ్గరి పొలాల్లోకి చేరాం. మధ్యాహ్నం ఎండలో రెండు నిమిషాల చీకటి. శుక్రుడు వెలిగాడు. కొంగలు గుంపుగా చెరువు మీంచి చెట్ల మీదికి వెళ్ళిపోయాయి. అక్కడ ఒక రైతు మా పక్కనే నిలబడి, వెలుగు తిరిగి వచ్చాక కండువా తలమీంచి తీసి సూర్యుడికి దండం పెట్టాడు. మూడేళ్ళ తరువాత 6 అంగుళాల అద్దం అరగదీయడం మొదలుపెట్టాను. రెండు గాజు బిళ్ళల మధ్య కార్బొరండం పొడి, నీళ్ళు. ఒక పీపా చుట్టూ నడుస్తూ రోజుకు రెండు గంటలు. పొడి మార్చిన ప్రతిసారీ చేతులూ గోళ్ళూ బట్టలూ అన్నీ కడుక్కోవాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా వారం పని గీత పడి పోతుంది. నాలుగు నెలలు పట్టింది. ఆ అద్దంతోనే ఈ రోజుకూ చూస్తున్నాను.

గోదావరి_గట్టు | జనవరి 19, ఉదయం 7:10

నిన్న అమావాస్య స్నానాలకు మా అమ్మ ఎలాగూ తెల్లవారకముందే లేస్తుంది కాబట్టి అందరం లేచాం. పొగమంచు. పెరటి గోడ కూడా కనిపించలేదు. పాప కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈ రోజు నాలుగూ నలభైకి లేచి చూస్తే ఆకాశం కడిగినట్టు ఉంది. వశిష్ఠుడు, అరుంధతి దొరికాయి. మా అమ్మ తన పెళ్ళినాడు చూపించిన చుక్కలంటూ వచ్చింది. టెలిస్కోపులో పెట్టి చూపించాను. వశిష్ఠుడే మళ్ళీ రెండు చుక్కలు! మేం ముగ్గురం ఒకరి తరువాత ఒకరం చూశాం. ‘అయితే ముగ్గురున్నారన్నమాట’ అంది మా అమ్మ.

తరువాత పాప పిడికిలి పట్టుకుని చిత్త నుంచి కొలుస్తూ దిగింది. తన పిడికిలి చిన్నది, చేయీ చిన్నదే కాబట్టి లెక్క సరిపోయింది. కంటికి మసక చుక్క. ఫైండర్ కూడలిలో పెట్టి, 25లో చూశాను. నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దది. ఐపీస్‌లో చాలాభాగం నిండిన పాలిపోయిన గుండ్రం. పంతులు గారు చెప్పినట్టు పక్కకు చూస్తే అంచుల్లో ఇసుక చల్లినట్టు రేణువులు తెలుస్తున్నాయి, తిన్నగా చూస్తే మాయం. పాప ‘రవ్వ, రవ్వ’ అని గట్టిగా అరిచింది. పక్కింట్లో దీపం వెలిగింది.

బొమ్మ గీసి, పక్కన ‘జనవరి 19, 4:58, పెరడు, 25 మి.మీ.’ అని రాసుకుంది. కింద శని బొమ్మ ఉంది, సూదితో. ఆరింటికల్లా తూర్పు తెల్లబడి రవ్వ కరిగిపోయింది.

టెలిస్కోపు అమ్మడం లేదు. పాప ఒక ప్రశ్న అడగమంది. ఇది చూడటానికి రోజూ ఇంత పొద్దున్నే లేవాలా?

పల్నాటి_చీకటి | జనవరి 19, రాత్రి 8:40

అక్కర్లేదని చెప్పండి. నెలకు రెండు గంటల చొప్పున ముందుకు వస్తుంది. మే నెల నడిమికి రాత్రి పదింటికే దక్షిణాన నిలబడి ఉంటుంది. పాపకు వేసవి సెలవులు కూడా కదా. మీ ఊరి వెలుగులో పింజ చూశారు. మా పొలంలో అయితే పాలపుంత నీడలాంటి మసకలతో సహా కనిపిస్తుంది, నల్లమల వైపు దీపం ఉండదు. తాతగారిని కూడా ఆ అద్దం పట్టుకుని రమ్మంటున్నాను. మే 16 అమావాస్య, శనివారం. మా ఇంట్లోనే భోజనాలు.

అద్దాల_తాత | జనవరి 19, రాత్రి 9:30

వస్తాను. గొట్టం ఆరడుగులు ఉంటుంది, బస్సు పైన కట్టాలి. అద్దం మాత్రం ఒళ్ళో పెట్టుకుంటాను.

గోదావరి_గట్టు | జనవరి 19, రాత్రి 9:45

మేం నలుగురం వస్తున్నాం, మా అమ్మతో కలిపి. తమ్ముడూ, పొలంలో మంచాలు ఉంటాయా, చాపలు తెచ్చుకోమంటారా?